ఇరవై మంది లేందే బొమ్మ పడదు

1

ఈ రాతలు కాగితం మీద రాస్తున్నాను. అందరిలా కంటిపొరలోనే, కళ్లకి వేసి కోరినది చూపించే ఆ పొరలోనే, రాసుకోవచ్చు. కానీ పొరలో రాసుకున్న మాట నాలుగు రోజులకి మెత్తబడుతుంది. "నాన్న మీద అరిచాను" అని రాస్తే, వారం తిరిగేసరికి అది "నాన్నతో కాస్త మాట తేడా వచ్చింది" అవుతుంది. నెలకి ఆ వాక్యమే కనపడదు. చదివేవాడి మనసు కష్టపెట్టకూడదని పొర అలా చేస్తుందట. నా కోపం నేను పెంచుకున్నది. దాన్ని ఇంకొకరు సర్దిపెడితే ఊరుకోను.

పొద్దున్నే గుట్టెక్కి వలలు దులిపాను. సముద్రం డెల్టాని తినేశాక మెట్టకెక్కిన ఊళ్లన్నీ పొగమంచు తాగే బతుకుతున్నాయి. రాటలకి కట్టిన వలల్లో తెల్లారగట్ల మంచు వచ్చి చిక్కుకుంటుంది. కర్రతో తడితే నీళ్లు కింద గాడిలోకి జారతాయి. నాచు గీకడం, గాడి కడగడం, చిరిగిన వలలు దించి ఇంటికి మోసుకెళ్లడం మా పని. ఇంటి దగ్గర నాన్న వాటిని కుడతాడు. నా పక్క వరస గంగాభవాని వదినది. చుట్టరికమేమీ లేదు, డెల్టాలో మా ఇల్లూ వాళ్లిల్లూ ఒకే వీధిలో ఉండేవట. నన్ను పల్లంరాజు అని పిలవదు. "కరపత్రం" అంటుంది. 'ఉమ్మడి చూపు' సంఘం వాళ్లు అచ్చేసే పత్రాలు నేను చదువుతాననీ, చదివినది అడగనివాళ్లకి కూడా వినిపిస్తాననీ ఆ పేరు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, రోజూ అడిగినట్టే అక్కని చూపించమని పొరని అడిగాను.

మా అక్క తాయారు. నాకు ఆరేళ్లప్పుడు సముద్రగోడ తెగి, ఆ నీళ్లలో పోయింది. అప్పటికి దానికి ఇరవై ఏళ్లు. అమ్మ లేని ఇంట్లో నన్ను చంకనేసుకుని పెంచింది అదే. కాగితం మీది ఫోటోలన్నీ డెల్టాతోపాటే మునిగాయి. ఏడో ఏట నా కళ్లకి పొర వేసినప్పుడు, నాకు గుర్తున్నంతలో అది అక్క రూపం కట్టింది. అప్పట్నుంచీ రోజూ వస్తుంది, నవ్వుతుంది, మాట్లాడుతుంది. నేను ముద్ద కలుపుకోడానికి తల దించితే ఆగుతుంది. తలెత్తితే ఆగిన మాట దగ్గర్నుంచే అందుకుంటుంది. ఆ నవ్వే ఇంకోసారి కావాలంటే రెండుసార్లు రెప్ప కొడితే చాలు. పొరలో ఏ కథైనా అంతే. మనం చూసేవరకూ మన కోసం కాచుకుని ఉంటుంది.

ఇవాళ అక్క ముక్కుకి తెల్లరాయి పుడక ఉంది.

ఆ పుడక భవాని వదినది. నిన్న వల దగ్గర ఎండ పడి మెరిస్తే, బాగుందే అనుకున్నాను. అనుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. పొరకి అది చాలు. తెచ్చి అక్క ముక్కుకి పెట్టేసింది.

పళ్లెం తోసేసి లేచాను. మరి ఆ నవ్వు ఎవరిది? ఆ మెడ ఎవరిది? ఏ సంతలో ఏ పిల్లని చూసి బాగుందనుకున్నానో, ఇన్నేళ్లూ వాళ్లందర్నీ ముక్కముక్కలుగా తెచ్చి మా అక్క అని నా ముందు నిలబెట్టిందా? నాన్నని అడిగాను, అక్క అసలు ఎలా ఉండేదని. నాన్న వల కుడుతూ ఎదురుగా ఖాళీ పీట వైపు చూసి నవ్వుతున్నాడు. తన పొరలో తన తాయారు ఆ పీట మీద కూర్చుని ఉంటుంది.

"ఎలాగుంటాదిరా," అన్నాడు. "నీకు నచ్చినట్టే ఉంటాది."

2

వలలకి సెలవు. సినిమా మ్యూజియానికి వెళ్లాను.

కొత్త పత్రంలో దాని గురించి రాశారు. "ఒంటరి కన్ను సగం గుడ్డిది. జనం అంతా కలిసి ఒకే వైపు చూసిన చివరి చోటు సినిమా హాలు" అని. ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను. మ్యూజియం ఊరి చివర పాత బెల్లం గోదాములో ఉంది. ఇన్నేళ్లలో అటు పోయినవాణ్ని చూడలేదు.

లోపల గోడల నిండా వాల్ పోస్టర్లు. ప్రతి దాంట్లోనూ నేనే ఉన్నాను. గుర్రం మీద నేను, కత్తి పట్టుకుని నేను, వానలో పాట పాడుతూ నేను. చిరిగిపోయిన మొహాలన్నీ పొర నా మొహంతో నింపేసింది. పైగా మీసం కూడా పెట్టింది, నాకు రాని మీసం. ఒళ్లు మండి గట్టిగానే ఏదో అన్నాను.

గుమ్మం పక్క స్టూలు మీద వేరుశెనక్కాయలు వలుచుకుంటున్న పెద్దావిడ తలెత్తింది. ఎస్తేరు గారని ఆ మ్యూజియానికి ఆవిడే అధికారి, ఆవిడే కాపలా. ఏనాడూ కంటికి పొర తగలనివ్వలేదట.

"నువ్వే కనపడుతున్నావా? అందరికీ అంతేలే అబ్బాయ్. మొన్న ఓ ముసలాయన మూడు గంటలు తనని తను చూసుకుని, మ్యూజియం చాలా బాగుందని చెప్పి వెళ్లాడు. పొర తీసి రా. చుక్కల మందు ఆ అలమరలో ఉంది."

తీశాను. ఏడో ఏట తర్వాత అదే మొదటిసారి. గోదాములో చెమ్మ, గోడల మీద చెద. పోస్టర్లలో మనుషులకి సగం మొహాలే మిగిలాయి. వాళ్లెవరో నాకు తెలీదు. అయినా వాళ్లు నేను కారు. ఆ మాటకే ప్రాణం కొంచెం కుదుటపడింది.

ఎస్తేరు గారు అన్నీ చూపించింది. చెయ్యి మాత్రమే పట్టే టిక్కెట్టు కిటికీ. ఆడవాళ్ల వరసకి వేరే కట్టిన వెదురు దడి. ముందు నేల, తర్వాత బెంచీ, ఆ వెనక కుర్చీ. రీళ్ల డబ్బాలు మోసిన సైకిలు కూడా ఉంది. ఒకే బొమ్మని రెండు ఊళ్లలో ఆడించేవాళ్లట. మొదటి ఊళ్లో రీలు అయిపోగానే దాన్ని ఒకడు సైకిలు మీద రెండో ఊరికి తొక్కుకుంటూ పోయేవాడట. మధ్యలో టైరు పంచరైతే ఎలా అని అడిగాను. జనం ఎదురుచూసేవాళ్లు, అంది. ఈలలు వేసేవాళ్లు, తిట్టుకునేవాళ్లు, పక్కవాడి బీడీతో బీడీ అంటించుకునేవాళ్లు, అంతేగాని ఇంటికి పోయేవాళ్లు కాదు.

సైకిలు సీటు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. నా బతుకులో నేను పదిమందితో కలిసి దేని కోసమూ ఎదురుచూడలేదు. ఏదీ నన్ను ఎదురుచూడనివ్వలేదు. చీకట్లో ముక్కూ మొహం తెలియని మనిషి మోచెయ్యి తగులుతుండగా, ఆ మనిషి చూస్తున్నదే నేనూ చూడటం ఎలా ఉంటుందో అని ఒక్కసారిగా దాహం వేసినట్టయింది. నీళ్లున్నా తీరని దాహం.

వెళ్లేటప్పుడు పేరు రాయమంది. దంగేటి పల్లంరాజు అని రాశాను. ఇంటిపేరు చూసి కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"దంగేటి తాయారు నీకేమవుతుంది?"

అక్క అన్నాను. ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. తర్వాత లోపలికి తీసుకెళ్లి ఒక రేకు డబ్బా చూపించింది. పదహారేళ్ల కిందట వాళ్ల సినిమా సంఘం, ఎక్కడో మిగిలిన పచ్చి ఫిల్ము సంపాదించి, సముద్రగోడ కట్టే పనిని బొమ్మ తీసింది. మాటలు లేవు, మూగ బొమ్మ. వేరుశెనక్కాయలు తిన్నంతసేపు ఆడుతుంది. గోడకి మట్టి మోసిన ఆడవాళ్లలో మా అక్క ఉంది.

"కెమెరా వైపు చూడొద్దని అందరికీ నూటొక్కసార్లు చెప్పాం. మీ అక్క చూసేసింది. సూటిగా చూసింది. ఆ ముక్క కోసేద్దామని మావాళ్లు, వద్దని నేను. ఓ మేక గోడ దాటుతుంది, దాని వెనకే మీ అక్క వస్తుంది."

అందులో పొర లేదు. వెలుతురు వెళ్లి మా అక్కని తాకి, తిరిగొచ్చి ఆ ఫిల్ముకి అంటుకుంది. దాన్ని నచ్చినట్టు దిద్దిన వాళ్లెవరూ లేరు. డబ్బా మూత తీస్తే లోపల్నుంచి పుల్లటి ఘాటు కొట్టింది. ఫిల్ము చచ్చిపోయేటప్పుడు ఆ వాసన వస్తుందట. ముడుచుకుపోతోంది, పెళుసెక్కుతోంది. మిషన్లో ఒక్కసారి తిరిగితే గొప్ప.

ఇప్పుడే వెయ్యండి అన్నాను.

"ఇరవై మంది లేందే బొమ్మ పడదు," అంది ఎస్తేరు గారు, మూత పెట్టేసి.

3

ఇంటికెళ్లి అలవాటుకొద్దీ పొర తిరిగి వేసుకున్నాను. మళ్లీ వెళ్లాను. పుడక సంగతి చెప్పి బతిమాలాను. ఆ తర్వాత తిట్టాను. ఆవిడ రెండూ ఒకేలా విన్నది.

పాత రోజుల్లో చాలినన్ని టిక్కెట్లు తెగకపోతే ఆట ఆపేసేవాళ్లట. వీళ్ల సంఘం దానికి ఇరవై అని కట్టు పెట్టుకుంది. బొమ్మ తీసిన ఏడాదే గోడ తెగడం, ఊరు లేచిపోవడం, మెట్టకొచ్చాక అందరికీ పొరలు రావడం. ఇరవై మంది ఏనాడూ కూడలేదు. ఆ రీలు ఒక్కసారి కూడా తెర మీద పడలేదు. సంఘంలో మిగిలింది ఆవిడొక్కతే. అయినా కట్టు కట్టే అంటుంది.

వాళ్లెవరికీ అక్కర్లేదు, నాకు మా అక్క కావాలి, చచ్చిపోయే రీలుకి పంతం ఎందుకన్నాను. ఆవిడ గోడవారగా పేర్చిన బెంచీల మీద దుమ్ము తుడుస్తూ చెప్పింది.

"నువ్వొక్కడివే చూశావనుకో. చూసి ఇంటికెళ్తావు. వారానికి నీ బుర్రే ఒక పుడక పెడుతుంది మీ అక్కకి. దానికి పొర ఎందుకు? నువ్వు చూసింది అదేనని చెప్పేవాడు ఇంకొకడుండాలి కదరా."

జవాబు తోచనప్పుడు నాకు కోపం ఎక్కువవుతుంది. ఇరవై మంది ఎంత, రెండొందల మందిని తెస్తానని చెప్పి వచ్చేశాను.

4

వల దగ్గర ఉపన్యాసం చెప్పాను. గాడి గట్టెక్కి నిలబడి చెప్పాను. పొర మనల్ని పక్కపక్కనే నిలబెట్టి ఒంటరిగాళ్లని చేసింది, మీరు పెళ్లాడిన మనిషి మొహం మీకు తెలీదు, మీరు ఏడ్చిన కథ ఊళ్లో ఇంకెవరూ ఏడవలేదు, రండి, ఒక్క పూట పొర తీసి మనుషుల్లా కూర్చోండి అన్నాను. 'మనుషుల్లా' అన్న మాట దగ్గర చాలామంది కర్రలు తీసుకుని పనిలోకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లని పిరికివాళ్లన్నాను. వాళ్లూ వెళ్లిపోయారు.

భవాని వదిన మాత్రం నాచు గంప ఎత్తుకుంటూ, మంచు విడిపోయాక అరిస్తే నీళ్లు పడవు, గొంతు దాచుకో అంది.

వచ్చిన పేర్లు రెండు. అందులో ఒకాయనకి చెవుడు, నేనేదో పంచుతున్నాననుకున్నాడు.

మ్యూజియానికి వెళ్లి రేకు డబ్బా వాసన చూశాను. మొన్నటికన్నా ఘాటుగా ఉంది. వానలు మొదలైతే ఇంక ఆశ లేదని ఎస్తేరు గారు అంది.

ఇంట్లో నాన్నతో పడ్డాను. ఊళ్లోవాళ్లు రాకపోతే సరే, కన్నవాడివి, నువ్వు రావా అన్నాను. నాన్న సూది ఆపలేదు. నేను మాటలు విసురుతూనే ఉన్నాను. నీది భయం, నీది బానిసత్వం, పొరలో కూతురితో కాపరం చేస్తూ చచ్చిన కూతుర్ని రెండోసారి చంపుతున్నావన్నాను. అప్పుడు సూది ఆగింది.

"నా తాయారు పెద్దదైపోయిందిరా," అన్నాడు నాన్న. "నలభైకి దగ్గరపడింది. పాపిట్లో జుట్టు నెరుత్తోంది. మోకాళ్లు నొప్పులంటాది. రోజూ ఈ పీట మీదే కూకుని నాతో మాటాడుద్ది. ఆ డబ్బాలోది ఇరవయ్యేళ్ల పిల్ల. దాన్ని సూసొచ్చాకా, రేపు పీట మీదకి ఏది రావాల్రా? ఏది నాది?"

ఈ ప్రశ్నకి ఏ పత్రంలోనూ జవాబు లేదు. ఉన్నవన్నీ తిరగేశాను.

5

భవాని వదిన అడిగింది, ఇంతకీ ఎంతమంది అయ్యారని. సంగతంతా చెప్పాను. పుడక మాట కూడా చెప్పేశాను, సిగ్గుపడుతూనే. ఆవిడ పుడక మీద వేలు పెట్టుకుంది. తాయారు మట్టి పనిలో ఉన్నప్పుడు తను పక్క ముఠాలో ఉండేదాన్నని, జడలు ఒకరికొకరు వేసుకునేవాళ్లమని చెప్పింది. ఎలా ఉండేదో చెప్పమని పట్టుకున్నాను. చెప్పబోయి ఆగిపోయింది.

"ఏమోరా. ఇప్పుడు నా కంటికి తాయారు నా సెల్లెల్లాగే కనపడతాంది. అదేనో కాదో. ఇంతకు ముందు అనుమానం రాలేదు. నీ వల్లొచ్చింది, నీ నోట్లో మన్ను పడ."

ఆ సాయంత్రం నుంచి ఆవిడ తన పద్ధతిలో మొదలెట్టింది. గట్టు ఎక్కలేదు, ఉపన్యాసం చెప్పలేదు. ఇంటింటి గుమ్మంలో కూర్చుని ఒకటే మాట అంది: మ్యూజియంలో అందరూ పొరలు తీసేస్తారట, ఎవరి అసలు మొహం ఎలా ఉందో చూడొచ్చట. పంపు దగ్గరావిడ నలభై అని చెప్పుకుంటుంది కదా, తేల్చుకోవచ్చట. బడి పంతులు గారికి నిజంగా అంత జుట్టుందో లేదో తెలిసిపోతుందట.

నేను మండిపడ్డాను. ఇది ఉమ్మడి చూపు కాదు, చాడీ అన్నాను. ఉద్యమాన్ని ఇంత నీచంగా నడపకూడదన్నాను.

"నువ్వు నడిపినప్పుడు ఇద్దరు," అంది వదిన. "ఒకడు సెవిటోడు."

మూడు రోజుల్లో పాతికమంది అయ్యారు.

6

బొమ్మ పడింది. జరిగినది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం పని దిగాక అందరూ గోదాము దగ్గర కూడారు. గుమ్మంలో చుక్కల మందు వేసి ఒక్కొక్కరికి ఎస్తేరు గారు పొర తీసింది. పొర ఊడిన మనుషులు ముందు ఎండకి కళ్లు చికిలించారు. తర్వాత పక్కవాళ్లని చూశారు. ఎవరూ వెటకారం చెయ్యలేదు. అందరికీ అన్నీ ఉన్నాయి, మచ్చలు, ముడతలు, ఊడిన పళ్లు. పంతులు గారికి జుట్టు లేదు. ఆయనే నవ్వాడు ముందు. ఆ తర్వాత ఆలుమగలు ఒకరినొకరు దొంగచూపులు చూసుకుంటూ లోపలికి నడిచారు, పెళ్లిచూపుల్లోలాగ.

లోపల నాన్న అప్పటికే కూర్చుని ఉన్నాడు, బెంచీ చివర, తుండు ఒళ్లో పెట్టుకుని. నాన్న అంత ముసలివాడని నాకు తెలీదు. ఎలా తెచ్చావని వదినని అడిగాను.

"రమ్మని అడిగాను," అంది. "నువ్వు తిట్టావంట. అడగలేదంట."

ఎస్తేరు గారు చీర మార్చుకుని వచ్చింది. ఆడవాళ్లు దడికి అటు, మగవాళ్లు ఇటు అంది. ఉమ్మెయ్యకూడదు, తెరని ముట్టుకోకూడదు, మిషను వెలుతురుకి చెయ్యి అడ్డం పెట్టకూడదు. అన్నీ చెప్పింది. ఒక్కటి చెప్పలేదు. చెప్పాలని ఆవిడకి తట్టి ఉండదు. తను పెరిగిన కాలంలో అది ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నేను నేల మీద అందరికన్నా ముందు కూర్చున్నాను. మెడ నొప్పెట్టేంత దగ్గరగా. ఇంకెవరి తలా నాకూ అక్కకీ మధ్య ఉండకూడదనుకున్నాను.

తలుపులు మూశారు. చీకటి. వెనక మిషను కటకటమని మొదలైంది, తెర తెల్లబడింది, దాని మీద గీతలు, మచ్చలు, ఆ తర్వాత సముద్రం. మా సముద్రం. అది ఇంకా తన చోటులో ఉన్నప్పటి సముద్రం. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చడం విన్నాను. నా ఊపిరి కూడా అందులోనే ఉంది, విడిగా తెలియలేదు. నేను ఇన్నాళ్లూ దాహపడింది ఇదే.

తెర మీద ఆడవాళ్లు వరసగా గంపలు మోస్తున్నారు. వెనక గొణుగుడు మొదలైంది. అది మా పెద్దత్త, అని ఎవరో అన్నారు. కాదు, అది కాకి వీరమ్మ, నడక చూడు, అని ఇంకొకరు. మేస్త్రీ కనపడగానే మగవాళ్ల వైపు నుంచి ఈల. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ఆ ఏడుపుని ఓదారుస్తూ తాము ఏడుస్తున్నారు. బెంచీలు కిర్రుమంటున్నాయి. ఎవరో పైకి లేచి తెర వైపు వేలు చూపిస్తూ పేర్లు చెబుతున్నారు. గోల పెరిగిపోయింది.

గోడ మీదికి మేక ఎక్కింది.

నాకు రక్తం తలకెక్కింది. ఇన్నాళ్లు నేను కష్టపడింది ఈ సంత కోసమా? లేచి నిలబడి వెనక్కి తిరిగాను. నోళ్లు మూసుకోండి, ఇది మీ ఇల్లు కాదు, నలుగురితో కలిసి చూడటం కూడా చేతకాదా మీకు, అని అరిచాను. ఇంకా ఏదో అనబోతున్నాను. అందరి మొహాల మీద తెర వెలుతురు పడుతోంది. ఎవరూ నన్ను చూడటం లేదు. నా తల మీదుగా చూస్తున్నారు, నోళ్లు తెరుచుకుని. హాలు నిశ్శబ్దమైపోయింది. నా మాట వల్ల అనుకున్నాను.

నాన్న మెల్లగా బెంచీ మీంచి లేచాడు. "తాయారూ," అన్నాడు.

నేను కంగారు పడలేదు. అది రాయాలి. నేను తల తిప్పాను కదా, బొమ్మ ఆగి ఉంటుందనుకున్నాను. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ప్రతి కథా నా కోసం ఆగింది. తీరిగ్గా తెర వైపు తిరిగాను.

ఒక గంప వెళ్లిపోతోంది. గంప కింద ఒక జడ చివర. తర్వాత ఖాళీ గోడ, గాలికి కదులుతున్న గడ్డి.

రెండుసార్లు రెప్ప కొట్టాను. గడ్డి కదులుతూనే ఉంది. మళ్లీ కొట్టాను. వేరే ఆడవాళ్లు వచ్చారు, వెళ్లారు. అప్పుడు మిషన్లో ఏదో పటుక్కుమంది. తెర మీద ఎర్రటి మచ్చ పుట్టి పెరిగి, అంతా తెల్లగా అయిపోయింది. పుల్లటి వాసన హాలంతా నిండింది.

వెనక్కి తిప్పమని ఎస్తేరు గారి మీద అరిచాను. ఆవిడ మిషను గదిలోంచి కొంగు పట్టుకుని వచ్చింది. కొంగు నిండా గోధుమరంగు ఫిల్ము పెంకులు, ముట్టుకుంటే పొడి.

"తిప్పడానికి ఏముంది అబ్బాయ్."

"నేను చూడలేదండి," అన్నాను.

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. హాల్లో ఉన్నవాళ్లందరూ చూశారు. పాతికమంది చూశారు. అక్కని చూడాలని వాళ్లందర్నీ అక్కడికి చేర్చినవాణ్ని నేను. చూడనివాణ్ని నేనొక్కణ్నే.

7

ఇవాళ పనికి పొర లేకుండానే వెళ్లాను. మళ్లీ వేసుకోబుద్ధి కాలేదు. వేసుకుంటే ఆ పుడకదే వస్తుంది. వస్తే నేను దాన్ని కాదనలేకపోతానేమోనని భయం. వలలు దులిపాను. మంచు బాగా పట్టింది. వంచిన తల ఎత్తలేదు. ఎవరైనా జాలిగా మాట్లాడితే కొట్టేలా ఉన్నాను.

ఎవరూ జాలిపడలేదు. పోట్లాడుకుంటున్నారు. వరస వరసంతా పోట్లాటే. ముందు వచ్చింది మేకా, మేకపోతా. మేస్త్రీ తలపాగా ఎటు వంగి ఉంది. నిన్నటి బొమ్మ గురించి, పని మానేసి, కర్రలు భుజాన వేసుకుని, ఒకరినొకరు కసురుకుంటూ మాట్లాడుకుంటున్నారు. ఊళ్లో అందరూ ఒకటే చూసిన సంగతి ఇంతవరకూ ఒక్కటీ లేదు. ఉన్న ఒక్కటీ నాకు లేదు.

భవాని వదిన నా దగ్గరికొచ్చి నిలబడింది. నేను అడగలేదు. ఆవిడ నాచు గంప నెత్తిన పెట్టుకుంది.

"ఇలా వచ్చింది. ఇక్కడ ఆగింది. గంప దించి..."

"దించలేదే," అంది రెండో వరసావిడ. "తుంటి మీదకి జార్చింది. ఇదిగో, ఇలాగ." గంప లాక్కుని చూపించింది.

"ఎడం తుంటి," అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి. "ఎడంది, ఎడంది."

ఎడం తుంటికి మార్చింది. పంపు దగ్గరావిడ వచ్చి, ముంజేతితో నుదురు తుడుచుకుందని చెప్పింది. చెయ్యి బురదగా ఉందట, నుదుటి మీద చార పడిందట. పడింది, పడింది అన్నారు అందరూ. అప్పుడు మెడ తిప్పి చూసిందట. ఒకావిడ తిప్పింది. మరీ అంత గబుక్కున కాదని ఇంకొకావిడ తిప్పింది. మూడో ఆవిడ తిప్పేసరికి మిగిలినవాళ్లు ఊరుకున్నారు. అంతే, అలాగే, అన్నారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు అందరూ చేసి చూపించారు. లావువాళ్లు, సన్నవాళ్లు, నడుం వంగినవాళ్లు. వేరే వేరే మెడలు ఒకేలా తిరుగుతున్నాయి.

"నవ్విందా?" అని అడిగాను. ఇన్నేళ్లుగా పొరలో నాకు నవ్వేది.

"లేదు," అన్నారు. ఒక్కరు కూడా వేరేగా అనలేదు.

"విసుక్కున్నట్టు చూసింది," అంది వదిన. "పనిలో ఉన్నాను, కనపడతల్లేదా అన్నట్టు."

అంతలో నాన్న గుట్టెక్కి వచ్చాడు, కుట్టిన వలలు భుజాన వేసుకుని. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొర లేదు. మమ్మల్ని చూసి ఆగాడు. ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. రాత్రి పీట మీదికి ఎవరొచ్చారో నేనూ అడగలేదు. వలలు కింద పెట్టి, వదిన చేతిలోంచి గంప తీసుకున్నాడు.

నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు నడిచాడు. ఆగాడు. గంపని ఎడం తుంటి మీదికి జార్చి, ముంజేతితో నుదురు తుడుచుకుని, మెడ తిప్పి నా వైపు చూశాడు.

వరసలో ఎవరూ అలా కాదు అనలేదు.